గవర్నర్‌పేటలో దొరకని మాత్ర

గుణదల, విజయవాడ.

ప్రియమైన ఆపాకు,

నీ చెల్లెలు రహీమా సలాములు. అల్లా దయవల్ల మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నువ్వు, దుల్హాభాయ్, పిల్లలు ఎలా ఉన్నారు? అమ్మీ కంటికి కట్టు విప్పారా? పొయ్యి దగ్గరికి పోనివ్వకు.

ఆయనకి గవర్నర్‌పేట చీరల హోల్‌సేలు కొట్టులో పని కుదురుగానే ఉంది. పెడనలో అద్దకం వేసిన చేతులు ఇక్కడ మూటలు కడుతున్నాయని అప్పుడప్పుడూ నవ్వుతారు. పగలంతా నేనొక్కదాన్నే. కుట్టు మిషను ముందు కూర్చుంటే పొద్దు తెలియదు, బెంగ పెట్టుకోవద్దని అమ్మీకి చెప్పు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మనకి సముద్రపు గాలి, ఇక్కడ కొండల సెగ. చేపలకి బందరు రుచి లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు రొయ్యలు పంపు.

ఇంక మేం అద్దెకుంటున్న ఇంటావిడ రోజమ్మగారి సంగతి రాయాలి. బళ్ళో సైన్సు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. ఆవిడకి కాన్సరు ఎముకల్లోకి పాకింది. నాకు వినపడకూడదని దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేవారు. మధ్యన ఉన్నది ఒక్క గోడే కదా ఆపా, వినపడకుండా ఎలా ఉంటుంది?

డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాశారు. ఇట్టే తెచ్చేస్తానని చీటీ పట్టుకుని నేనే బయల్దేరాను. మొదటి మందుల కొట్టతను చీటీ చదివి, నన్ను ఎగాదిగా చూసి, లేదన్నాడు. పక్క కొట్లో ఎవరికి, నువ్వేమవుతావు, నీ పేరేమిటని అడిగి, పేరు చెప్పగానే చీటీ వెనక్కిచ్చేశాడు. ఇంకో చోట ఆ మందు పేరు గట్టిగా అనొద్దన్నారు. నాకు భయం కన్నా వింత ఎక్కువైంది. డాక్టరు రాసిన మందు దొంగసరుకు ఎట్లా అవుతుంది?

చివరికి లాడ్జీల వీధిలో ఒక పెద్దాయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

"ఇది ఎవరూ పెట్టరమ్మా. దీనికి వేరే పర్మిషన్లు కావాలి, ఒకదాని వెనకాల ఒకటి. ఒక్క మాత్ర లెక్క తప్పిందంటే కేసు. ఎందుకొచ్చిన గొడవని అందరం మానుకున్నాం."

"మరి డాక్టరుగారు ఎందుకు రాశారండీ?"

"ఏ నొప్పికి ఏది పనిచేస్తుందో ఆయనకి తెలుసు. కొట్లో ఏం దొరుకుతుందో మాకు తెలుసు. ఆ రెండూ కలవ్వు తల్లీ" అన్నారు. మామూలు నొప్పి బిళ్ళలిచ్చి పంపారు. అవి టీచరుగారికి నీళ్ళతో సమానం.

ఆ సాయంత్రం కాస్త నెమ్మదించినప్పుడు ఆవిణ్ణే అడిగాను, ఆ మందు దేంతో చేస్తారని. పాఠం చెప్పినట్టే చెప్పారు. మనం కూరలో నూరి వేసుకునే గసగసాలున్నాయే, ఆ కాయ పచ్చిగా ఉన్నప్పుడు గీస్తే పాలు కారతాయట. అది గడ్డకడితే నల్లమందు. అందులోంచి తీసేదే ఇది. మన దేశంలోనే పండించి పరాయి దేశాలకి కూడా పంపుతారట. గసగసాలు ఏ కిరాణా కొట్లో అడిగినా పొట్లం కట్టిస్తారు కదా!

మర్నాడు డాక్టరుగారికి చెబితే ఆయనా తెల్లబోయారు, ఇంకా కుర్రాయన. ఎవరికో ఫోను చేసి, హైదరాబాదులో పెద్ద కాన్సరు ఆసుపత్రిలో ఇస్తారని, అయితే మొదటిసారి పేషెంటును చూడాలంటారని చెప్పారు. అలవాటు పడిపోతారేమోనని అడిగాను. నొప్పికి తగినట్టు, వాళ్ళు చెప్పినట్టు వాడితే ఆ భయం అక్కర్లేదన్నారు.

లేచి కూర్చోలేని మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్తామని ఇంట్లో మా ఆయనా నేనూ గుసగుసలాడుకుంటుంటే ఆవిడ విన్నారు. "బడి పిల్లల్ని ఎన్ని ఊళ్ళు తిప్పానో! ఈసారి మీరు నన్ను తిప్పండి" అన్నారు.

పొద్దుటి బండిలో కింది బెర్తు మీద పడుకోబెట్టాం. పట్టాలు మారి పెట్టె కుదిపినప్పుడల్లా నా చెయ్యి పిండేసేవారు. ఆసుపత్రిలో కాగితాలన్నీ చూసి, నొప్పి ఎక్కడెక్కడని ఓపిగ్గా అడిగి, మాత్రలిచ్చారు. మొదటిది అక్కడే వరండా బెంచీ మీద వేశాను. చాలాసేపు ఏమీ లేదు. వృథాగా తెచ్చామా ఈవిణ్ణి అనుకుంటున్నాను. అప్పుడు నా చేతిమీద ఆవిడ పట్టు వదులైంది. నిద్రపోయారేమోనని చూస్తే, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

"రహీమా, ఆ పసుపుపచ్చ పూల చెట్టు ఏం చెట్టు?"

"తెలియదండీ."

"నాకూ తట్టడం లేదు. ఒక పువ్వు పట్రా, చూద్దాం."

తెచ్చిస్తే ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో రేకూ విడదీసి చూస్తూ కూర్చున్నారు. ఆయన అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు ఆపా. నేనైతే అటు తిరగలేదు కూడా.

జబ్బు తగ్గలేదు, తగ్గదు. మొదట్లో మగతగా ఉండేది, ఇప్పుడు నయం. గుణదల మాత తిరునాళ్ళకి గేటు దగ్గర కుర్చీ వేయించుకుని, కొండకి వెళ్ళే జనాన్ని పొద్దుగూకేదాకా చూశారు. మాత్రలు అయిపోయేలోపు ఆయన సెలవు పెట్టి కాగితాలు పట్టుకెళ్ళి తెస్తున్నారు. ఇక్కడే దొరికే రోజు ఎప్పుడొస్తుందో తెలియదు.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మస్తాన్ చాచా గొంతులో కాన్సరు పుండుకి రాత్రిళ్ళు పెడుతున్న కేకలు వీధి చివరిదాకా వినపడుతున్నాయని రాశావు కదా. బందరులో కొట్ల చుట్టూ తిరగొద్దు. లేదన్నారని ఊరుకోనూ వద్దు. పరీక్షల కాగితాలన్నీ మూట కట్టి, చాచాని బస్సెక్కించి మా ఇంటికి తీసుకురండి. హైదరాబాదు నేను తీసుకెళ్తాను. ఎక్కడ దిగాలో, ఏ కిటికీ దగ్గర నిలబడాలో ఇప్పుడు నాకు తెలుసు. ఈ శుక్రవారం బండికైతే మరీ మంచిది. చాచీ భయపడితే ఈ ఉత్తరం చదివి వినిపించు.

అమ్మీకి, అబ్బాకి నా సలాములు. నమాజులో మమ్మల్ని, టీచరుగారిని కూడా తలుచుకోమను. పిల్లలకి ముద్దులు. మీ రాక కోసం చూస్తూ ఉంటాను.

నీ చెల్లెలు,
రహీమా