జయమ్మను ముట్టనివ్వని బండి

ఆబిడ్స్,
ఫిబ్రవరి 10

చైత్రరథ మోటార్స్ వినియోగదారుల సేవా విభాగం వారికి,

ఆబిడ్స్‌లో శుభలేఖల దుకాణం నడుపుకునే రామచందర్ నమస్కరించి రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీ దగ్గర కొన్న 'హంస' బండి కూడా క్షేమమే. క్షేమంగా లేనిది నా కాపురం. మీకు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటున్నారు. మెయిల్ పంపితే నేను పంపేలోపే జవాబు వచ్చేస్తోంది, చదివే తీరిక కూడా తీసుకోకుండా. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మా ఇల్లు నాంపల్లిలో, స్టేషన్‌కు దగ్గర. మా దగ్గర శుభలేఖలు వేయించుకున్నవాళ్ళు మమ్మల్ని కూడా పెళ్ళికి పిలుస్తారు. మేము తప్పకుండా వెళతాం. ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ ఊరి చివర ఫంక్షన్ హాళ్ళలోనే కదా. స్కూటర్ ఉన్న రోజుల్లో నేను నడిపేవాణ్ణి, వెనక కూర్చుని నా భార్య జయమ్మ దారి చెప్పేది. తెలియకపోతే ఆటో అతన్నో పాన్ డబ్బా అతన్నో అడిగేది. మేము ఏ పెళ్ళికీ ఆలస్యంగా వెళ్ళి ఎరగం.

కారు కొన్న రోజు అందులో దారి చూపే పెద్ద తెర చూసి జయమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. "ఇగ నేను ఎవ్వర్ని అడిగే పని లేదు. అడ్రస్ నేనే కొడత, నువ్వు సప్పుడు చెయ్యకుండ నడుపు" అంది. నాకూ సంతోషమే. కానీ బండి కదిలితే చాలు, మీ తెర ముట్టనివ్వదు. అక్షరాలన్నీ బూడిద రంగుకు తిరుగుతాయి. 'డ్రైవర్ భద్రత కోసం' అని రాసి వస్తుంది. అయ్యా, డ్రైవర్‌ను నేను. నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. వేలు జయమ్మది.

ఇంటి దగ్గరే కొట్టుకుని బయలుదేరమంటారేమో, శుభలేఖ తీసి అడ్రస్ చూడటం జయమ్మకు బండి కదిలాకే గుర్తొస్తుంది. బండి పక్కకు ఆపి కొట్టుకోండి అంటారు మీరు. ఆబిడ్స్‌లో పక్కకు ఆపే చోటు ఉంటే నేను ఇంకో దుకాణం పెట్టుకునేవాణ్ణి. పోనీ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కొడదామంటే, జీపీవో దగ్గర ఏ బండీ పూర్తిగా ఆగదు, పూర్తిగా కదలదు. జయమ్మ రెండక్షరాలు కొట్టేలోపు ముందు బండి జానెడు జరుగుతుంది. వెనకవాడు హారన్ కొడతాడు. నేనూ జానెడు జరుపుతాను. తెర మూసుకుంటుంది. మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి.

బండి నడుస్తుండగా మీ తెర ఒప్పుకునేది ఒక్కటే, ముందే దాచిపెట్టిన చోట్లలోంచి ఏదో ఒకటి ఎంచుకోవడం. మా బండిలో దాచి ఉన్న చోటు ఒక్కటే, అది మీ షోరూం. విసుగెత్తి జయమ్మ దాన్నే నొక్కింది. పెళ్ళికని పట్టుచీర కట్టుకుని బయలుదేరిన మనిషి మీ షోరూం గేటు ముందు దిగింది. ఆదివారం కాబట్టి గేటుకు తాళం కూడా వేసి ఉంది.

ఇంకో సంగతి. జయమ్మ బెల్టు పెట్టుకోకపోతే బండి గోల పెడుతుంది. అంటే అక్కడ మనిషి కూర్చుందని దానికి తెలుసు. బెల్టు దగ్గర మనిషి, తెర దగ్గర మాత్రం కాదు. ఈ మాట జయమ్మే పట్టుకుంది. "ముందల నేను మూట లెక్క కూసుండుడు ఎందుకు? ఎన్క సీట్ల కూసుంట" అని వెనక్కి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నేను ఒక్కణ్ణే ముందు కూర్చుని కిరాయి డ్రైవర్‌లా తిరుగుతున్నాను.

నాకు వేరే ఏమీ అక్కర్లేదు. జయమ్మ మళ్ళీ నా పక్కన కూర్చోవాలి. ఆ తెరకు వేసిన తాళం తీయండి.

ఇట్లు,
రామచందర్
(రామచందర్ అండ్ సన్స్. సన్స్ లేరు, బోర్డు బాగుంటుందని పెట్టాను.)

తా.క.: ఈ కాగితం ముహూర్తం తప్పు పడి మిగిలిపోయిన శుభలేఖ. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని వాడాను. ముందు అచ్చులో ఉన్నది పట్టించుకోవద్దు.

*

లక్డీకాపూల్,
ఫిబ్రవరి 17

గౌరవనీయులైన రామచందర్ గారికి,

మీరు పంపిన శుభలేఖ అందింది. మా చైత్రరథ కుటుంబ సభ్యులైన మీ ఇంట శుభకార్యం జరగడం మాకెంతో ఆనందదాయకం. వధువు చి.ల.సౌ. జయమ్మ గారికి మా హృదయపూర్వక ఆశీస్సులు. ఆమె వెనక సీటులో కూర్చుంటున్నారని రాశారు. కొత్తలో బిడియం సహజమే, మీరు దిగులు పడవద్దు.

కంపెనీ కానుకగా మీ బండిని పూలతో అలంకరించడానికి మా సిబ్బంది ఈ వారమే మీ దుకాణానికి వస్తారు.

భవదీయురాలు,
దివ్యశ్రీ
వినియోగదారుల సేవా విభాగం

తా.క.: ముహూర్తం పగలు ఒంటిగంటకు అని ఉంది. ఆఫీసు వేళల్లో కాబట్టి మేము రాలేకపోతున్నందుకు మన్నించగలరు.

*

ఆబిడ్స్,
ఫిబ్రవరి 24

అమ్మా దివ్యశ్రీ,

నువ్వు పంపిన మనుషులు వచ్చారు. నేను బ్యాంకుకు వెళ్ళిన సమయం చూసి బండి నిండా బంతిపూలు కట్టి, ముందు అద్దం మీద 'జయమ్మ పరిణయం' అని థర్మకోల్ అక్షరాలు అంటించి వెళ్ళారు. పనితనానికి వంక పెట్టడానికి లేదు.

నేను తిరిగి వచ్చేసరికి నాకు అన్నం డబ్బా తెస్తూ జయమ్మ కూడా వచ్చింది. బండి చుట్టూ తిరిగి చూసింది. "పెండ్లికూతురు నేనైతే పెండ్లికొడుకు ఎవరు?" అని అడిగింది. నేనే అన్నాను. "ఔనా? గట్లయితే మళ్లొక్కసారి ఆలోచించుకుంట" అని డబ్బా అక్కడే పెట్టి ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఇంతకుముందు కనీసం వెనక సీట్లో కూర్చునేది. ఇప్పుడు బండే ఎక్కడం లేదు.

జయమ్మ కొత్త పెళ్ళికూతురు కాదమ్మా. మాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. నేను రాసింది కాగితం వెనకవైపు ఉంది. ఈసారి తెల్లకాగితం మీదే రాస్తున్నాను, చివరిదాకా చదువు. బండి నడుస్తున్నప్పుడు పక్కన కూర్చున్న మనిషి తెర మీద అడ్రస్ కొట్టడానికి వీలుండాలి. ఇదొక్కటే నా ఫిర్యాదు.

ఇట్లు,
రామచందర్

తా.క.: పక్క దుకాణం వామన్‌రావు ఆ థర్మకోల్ అక్షరాలు చూసి లోపలికి వచ్చి నాకు చదివింపులు ఇచ్చి వెళ్ళాడు. ఎంత చెప్పినా తిరిగి తీసుకోవడం లేదు.

*

లక్డీకాపూల్,
మార్చి 5

పూజ్యులు రామచందర్ గారికి,

మీ రెండు ఉత్తరాలూ, రెండు వైపులా చదివాను. సిగ్గుతో తల దించుకుని ఇది రాస్తున్నాను. దయచేసి మన్నించండి.

ఇక మీ ఫిర్యాదు. మా కంప్యూటర్‌లో ఎక్కించబోతే అది తీసుకోలేదండీ. తెర గురించి ఎవరు ఫిర్యాదు చేసినా వాళ్ళు డ్రైవరై ఉండాలట. 'పక్కన కూర్చునే మనిషి' అనే పేరుతో అందులో గడే లేదు. ఇబ్బంది పడింది జయమ్మ గారు కాబట్టి ఆమెను మీ బండికి రెండో డ్రైవర్‌గా నమోదు చేశాను. వెంటనే తీసుకుంది. ఫిర్యాదు ఇప్పుడు పై ఆఫీసుకు వెళ్ళింది.

రెండో డ్రైవర్‌కు మా కంపెనీ ఉచితంగా డ్రైవింగ్ నేర్పిస్తుంది. ఆ ఉత్తరం కంప్యూటరే తయారుచేసి ఆమె పేరున నేరుగా ఇంటికి పంపేస్తుంది, ఆపడం నా చేతిలో లేదు. వస్తే పక్కన పడేయండి.

భవదీయురాలు,
దివ్యశ్రీ

తా.క.: బంతిపూలకు బిల్లు వస్తే అది కూడా పక్కన పడేయండి.

*

ఆబిడ్స్,
ఏప్రిల్ 21

అమ్మా దివ్యశ్రీ,

నీ కంప్యూటర్ ఉత్తరం వచ్చింది. 'శ్రీమతి జయమ్మ గారు, డ్రైవర్' అని పైన ఉంది. నేను పడీ పడీ నవ్వాను. "జర జూడు, నిన్ను డ్రైవర్ని జేసిన్రు! స్కూటర్ మీద కూసుంటెనే కండ్లు మూసుకునేదానివి" అన్నాను. జయమ్మ నవ్వలేదు. ఉత్తరం తీసుకుని లోపలికి వెళ్ళింది.

నేనేమన్నాను చెప్పు? ఉన్నమాటే కదా. కానీ ఆ రోజు నుంచి ఇంటి వాతావరణమే మారిపోయింది. పొద్దున్నే టీ పెట్టి, పబ్లిక్ గార్డెన్స్‌లో నడకకు పోతున్నానని వెళుతుంది. మోకాళ్ళ నొప్పులని పై అంతస్తుకే ఎక్కని మనిషికి నడక ఏమిటి? పైగా కూనిరాగం తీసుకుంటూ తిరిగి వస్తుంది. అడిగితే "నడక మంచిగుంది" అంటుంది.

మొన్న వామన్‌రావు వచ్చి కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు. "అన్నా, ఏమనుకోకు. ఎగ్జిబిషన్ గ్రౌండ్ కాడ మా వదినను చూసిన. వేరే బండ్ల ముందల సీట్ల కూసున్నది. పక్కపొంటి ఎవరో అమ్మాయి ఉన్నది. మస్తు నవ్వుకుంట మాట్లాడుతున్రు" అన్నాడు. ఏ బండి అని అడిగాను. 'హంస' అట. మీ కంపెనీదే!

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. మా బండికి తీయని తాళం ఇంకెవరి బండికో తీశారు. ఆ తెర మీద అడ్రస్‌లు కొట్టుకోవడానికి జయమ్మ రోజూ ఆ బండి ఎక్కుతోంది. అమ్మా, నాకు కోపం లేదు, బాధగా ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంటే బండి నడపబుద్ధి కావడం లేదు. మొన్న ఒక పెళ్ళికి ఒక్కణ్ణే వెళ్ళాను. దారి తప్పి వేరే ఫంక్షన్ హాల్లోకి పోయి, భోజనం చేసి, అక్షింతలు కూడా వేసి వచ్చాను.

మా బండికి కూడా ఆ తాళం తీయించు. నిన్ను కూతురనుకుని అడుగుతున్నాను.

ఇట్లు,
రామచందర్

తా.క.: ఆ పెళ్ళిలో శుభలేఖ చూశాక తెలిసింది అది మా దుకాణంలో అచ్చయింది కాదని. అక్షరాలు అలికినట్టు ఉన్నాయి. భోజనం మాత్రం చాలా బాగుంది.

*

లక్డీకాపూల్,
ఏప్రిల్ 29

పూజ్యులు రామచందర్ గారికి,

ఏ బండికీ తాళం తీయలేదండీ, ఒట్టు. బెల్టు దగ్గర మనిషి, తెర దగ్గర కాదు అని జయమ్మ గారు అన్న మాటను పై ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాసి పంపాను. అది చదివి అక్కడి ఇంజనీర్లు ఆలోచనలో పడ్డారట. పక్కన మనిషి ఉంటే తెర తెరిచి ఉంచే ఏర్పాటు చేయవచ్చునేమో చూస్తామన్నారు. నాకు నమ్మకంగానే ఉంది.

మీ వామన్‌రావు గారు చూసిన బండి సంగతి నాకు తెలుసు. కానీ చెప్పనని ఒకరికి మాట ఇచ్చాను. దిగులు పడవద్దని మాత్రం చెప్పగలను.

మీ కూతురి వంటి,
దివ్యశ్రీ

తా.క.: వామన్‌రావు గారు ముందు సీట్లో ఆమె ఏ పక్కన కూర్చుందో చూడలేదా అండీ?

*

నాంపల్లి,
జూన్ 9

చిరంజీవి దివ్యశ్రీకి జయమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు మాట నిలబెట్టుకున్నందుకు సంతోషం తల్లీ. ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో మీ కంపెనీ అమ్మాయి ఓపిగ్గా నేర్పింది, లైసెన్సు చేతికి వచ్చింది.

మీ కంప్యూటర్ పొరపాటున రాసిందని మా ఆయన వంద సార్లు చెప్పాడు. పొరపాటే కావచ్చు. కానీ మా ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ రామచందర్ అండ్ సన్స్ పేరునే వస్తాయి. పుట్టని కొడుకులకు కూడా ఉత్తరాలు వచ్చాయి కానీ నాకు ఎప్పుడూ రాలేదు. నా పేరు రాసి, పక్కన ఒక పని రాసి వచ్చిన మొదటి ఉత్తరం అదే. ఆయన నవ్వేసరికి నాకు పట్టుదల వచ్చింది.

మొన్న ఆదివారం పొద్దున తాళంచెవులు తీసుకుని "నడువు" అన్నాను. వెనక సీట్లో కూర్చుంటానేమోనని ఆ తలుపు తీసి పట్టుకున్నాడు. నేను అటు నుంచి తిరిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. తీసిన తలుపు మెల్లగా మూశాడు. కాసేపటికి వచ్చి పక్కన కూర్చున్నాడు. స్టేషన్ ముందు ఆటోల మధ్య నుంచి బండిని తీసుకుపోతుంటే చూసి, "ఏందే, నాకన్న మంచిగ తోలుతున్నవ్!" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నాకూ ఏడుపు వచ్చింది కానీ బండి నడుపుతున్నాను కదా, ఆపుకున్నాను.

ఇప్పుడు ఇద్దరం ముందే కూర్చుంటున్నాం. ఆయన కోరుకున్నదీ అదే.

అసలు సంగతి ఇది. ఆ తాళం తీయించడానికి నువ్వు చాలా తిప్పలు పడుతున్నావని విన్నాను. దండం పెడతాను, తీయించకు. నేను నడుపుతుంటే ఆయన హారన్ కొట్టమంటాడు, వద్దంటాడు, గేరు మార్చమంటాడు, లేని బ్రేకును కాలితో తొక్కుతాడు. అటు పోదామని చెప్పి, పోయాక ఇటు ఎందుకొచ్చావంటాడు. బండి కదలగానే తెర మీదికి చెయ్యి చాపుతాడు. అక్షరాలు బూడిద రంగుకు తిరుగుతాయి. "ఏందే, గిది నన్ను ముట్టనిస్తలేదు!" అంటాడు. ఆయన చెప్పినట్టు విననిది ఈ బండిలో అదొక్కటే. నాకు అది చాలా నచ్చింది.

డ్రైవర్ భద్రత కోసం అని మీవాళ్ళు ఊరికే రాయలేదమ్మా. డ్రైవర్‌ను అయ్యాక అర్థమైంది.

ఇట్లు,
జయమ్మ, డ్రైవర్

తా.క.: దారి ఎలా దొరుకుతోంది అంటావేమో. ఇప్పుడు అడగడం ఆయన పని. నిన్న జీపీవో దగ్గర దారి అడగడానికి బండి దిగాడు. అంతలో పోలీసు నన్ను ముందుకు పొమ్మన్నాడు. నేను నడుపుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కు చేరేసరికి, నడిచి వచ్చిన మనిషి అప్పటికే ఒక ఐస్‌క్రీం తినేసి నాకోసం రెండోది పట్టుకుని నిలబడ్డాడు. అది కూడా సగం కరిగిపోయింది.