ఫ్లెక్సీ మీద బిక్షం అన్న

ఫుట్‌బాల్ అభిమానుల సంఘం సెక్రటరీ హరికిషన్‌కు,

తమ్మీ, మా ఆయన పోయిన తెల్లారే రెజిమెంటల్ బజార్ మూల మీద నివాళి ఫ్లెక్సీ కట్టిన్రు. మొన్న సినిమా కమెడియన్ పోతే కట్టిన్రు, అంతకుముందు క్రికెట్ ఆయన పోతే కట్టిన్రు. ఎవరు పోతరా అని కాసుకొని కూసుంటరు గావచ్చు. కింద మీ ఫోటోలు మాత్రం మంచిగ పడ్డయి.

పైన ఉన్నది మా ఆయన కాదు. అప్పట్ల బోలారం టీంతోని ఫైనల్ అయినంక మా ఆయన, అవతలి గోల్‌కీపర్ జెర్సీలు మార్చుకున్నరు. మీరు పాత ఫోటోల మా ఆయన పచ్చ జెర్సీ చూసి, అది తొడుక్కున్న బోలారం గోల్‌కీపర్ బిక్షం అన్నకు దండేసిన్రు. ఆయన బతికే ఉన్నడు. ప్రాణమిచ్చే అభిమానులమని రాసుకున్నరు, ముఖం సుత ఎరుక లేదు.

మీల ఒక్కడు మా గడప తొక్కలే. బిక్షం అన్న వచ్చిండు. ఆ జెర్సీ ఉతికి మడతపెట్టి తెచ్చి, మా ఆయన ఫోటో ముంగట పెట్టిండు. రోజూ పాలకు ఆ మూల మీదికెళ్లే పోతడట. ఫ్లెక్సీ దించుమని మీకు రాస్తనంటే వద్దన్నడు.

"ఉండనియ్యి చెల్లె. నేను నిజంగ పోయిననాడు కడ్తరో కట్టరో" అన్నడు.

గందుకే దించి ఊకోకుండ్రి. దండ, నివాళి తీసేసి, ఆయన పేరు రాసి మళ్ల కట్టుండ్రి. బతికుండంగనే చూసుకుంటడు.

ఇట్లు,
మీరు ముఖం మరిచిన గోల్‌కీపర్ భార్య