పసుపు గుడ్డ మీద ఎర్ర చుక్కలు

ఆదిలాబాద్, ఆగస్టు 4

చిరంజీవి రచనకు,

ఫోన్లో మాట్లాడితే "ఊఁ" అంటూ మెయిల్ చూసుకుంటావు. అందుకే కాగితం.

మందు కొట్టే డ్రోన్లకు ప్రమాణాలు రాసే కమిటీలో విమానయాన శాఖ తరఫున కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. ఇక్కడ పత్తిచేను మీద డ్రోను తిరుగుతుంటే, పక్క చేనులో కలుపు తీస్తున్న సత్తవ్వకు రెండు రోజులు కళ్లు మండాయి. "అది ఎగిరేది ఆడ, మందు పడేది నా మొకం మీద. గా సర్కారోళ్లకు జర చెప్పు టీచరమ్మా" అన్నది. సర్కారు నా మనవరాలేనన్నాను. నమ్మలేదు. నిన్ను చీమిడి ముక్కుతో చూసింది కదా.

మనిషికి ఎంత దూరంలో కొట్టాలో అందులో రాయించు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ జానకీబాయి

ఢిల్లీ, ఆగస్టు 14

ప్రియమైన అమ్మమ్మా,

కమిటీలో పదకొండు మంది కంపెనీలవాళ్లు, నేనొక్కదాన్నే సర్కారు. ఐదు మీటర్లు చాలంటున్నారు. చాలదంటే "రుజువేది మేడమ్?" అంటున్నారు. నా దగ్గర లేదు. పైగా వాళ్లతో కలిసి కూర్చుంటే అమ్ముడుపోయామంటారని మా ఆఫీసులో గుసగుసలు. బయటికి వచ్చేద్దామనుకుంటున్నాను. వాళ్లు రాసింది ఆమోదానికి మా బల్ల మీదికి వచ్చినప్పుడు తిప్పి పంపుతాం. ఆఖరి సమావేశం సెప్టెంబరు పదిహేనున.

సత్తవ్వ కళ్లు ఎలా ఉన్నాయి?

నీ రచన

ఆదిలాబాద్, ఆగస్టు 24

రచనా,

నువ్వు తిప్పి పంపేలోపు ఇక్కడ రెండు పంటలు గడిచిపోతాయి. వంటయ్యాక ఉప్పు తక్కువనడం మీ తాత ఉద్యోగం. నువ్వు పొయ్యి దగ్గర ఉన్నావు, అక్కడే ఉండు.

రుజువా? ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని. నా తెల్ల చీరను పసుపులో ముంచి, ఆరబెట్టి, ముక్కలు చేసి, గట్టు నుంచి మీటరుకొకటి చొప్పున కట్టెలకు కట్టించాను. డ్రోనులో మందుకు బదులు సున్నపు తేట పోయించాను. దిష్టి నీళ్లు ఎందుకు ఎర్రబడతాయో నీకూ చెప్పాను, మరిచిపోయి ఉంటావు.

గాలి రోజూ వీచేదే. పద్నాలుగో గుడ్డ దాకా ఎర్ర చుక్కలున్నాయి. పదిహేనోదాని మీద లేవు. లెక్కపెట్టింది సత్తవ్వే. "మంచి చీర ఖరాబు జేస్తివి గదా" అని బాధపడింది. చుక్కలు వెలిసిపోకముందే చుట్టూ పెన్సిలుతో గీశాను. గుడ్డలు పార్సెల్లో వస్తున్నాయి.

అమ్మమ్మ

ఢిల్లీ, సెప్టెంబరు 1

ప్రియమైన అమ్మమ్మా,

గుడ్డలు అందాయి. ఆఫీసంతా పసుపు వాసన. కమిటీలోనే ఉంటాను, బల్ల మీద వరసగా పరుస్తాను. కానీ డ్రోను యజమాని సంతకం లేకపోతే చెల్లదంటారు. తన వ్యాపారానికి తనే అడ్డం పడే యజమాని ఎవరున్నారు? కాళ్లావేళ్లా పడైనా అడుగు.

నీ రచన

ఆదిలాబాద్, సెప్టెంబరు 6

నా రచనకు,

ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. సంతకం ఇందులోనే ఉంది, చూసుకో. ఆ డ్రోను నాదే.

నిరుడు కొన్నాను. చుట్టుపక్కల చేన్లకూ కిరాయికి పంపుతున్నాను. డెబ్బై మూడేళ్లప్పుడు ఇదేం పనని ఉపన్యాసం ఇస్తావని చెప్పలేదు. సత్తవ్వ మొహం మీద పడింది నా మందే. అది మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది. చేతకాలేదు.

నిన్న ఆమెకు చెప్పాను. "గందుకేనా చీర చింపినవు?" అన్నది. అవునన్నాను.

సమావేశంలో మొదటి మాటగా, డ్రోను యజమాని నా అమ్మమ్మ అని చెప్పు. వాళ్లు తవ్వి తీయకముందే నువ్వే బల్ల మీద పెట్టు. ఆ తర్వాత పదిహేను మీటర్లకు తగ్గకు.

డ్రోను పెట్టెలో ఉంది. తాళంచెవి సత్తవ్వ కొంగున ఉంది. మీ నియమం అచ్చయి వచ్చినంక, మొత్తం చదివి వినిపిస్తేనే ఇస్తానంటున్నది.

నీ అమ్మమ్మ,
జానకీబాయి, డ్రోను యజమాని