నా తప్పు నన్నే దిద్దుకోనివ్వు

అమ్మాయ్,

మా పిల్ల పోయాక, అది మన కుట్టు దుకాణానికి కట్టిన వెబ్‌సైటు నేనే చూసుకుంటానంటే దాని దగ్గరే ఈ పని నేర్చుకున్న నువ్వు నవ్వకుండా, ఆ సైటు రాసే పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష నాకు నేర్పుతున్నావు. సంతోషం.

నిన్న నేను రాసిన కొలతల పేజీలో, నడుము కొలత దగ్గర ఎవరో "సన్నగానే ఉంటాను" అని కొడితే పేజీ దాన్నీ తీసేసుకుంది. పొద్దున చూస్తే సరిగ్గా ఉంది. నాతో చెప్పకుండా నువ్వే దిద్దేశావు. నామీద జాలిపడకు తల్లీ. "బయటివాళ్ళు ఏం కొట్టినా సరిచూడకుండా లోపలికి రానిస్తావేంటే" అని మా పిల్ల నిన్ను కసిరేదిగా. నన్నూ అలాగే కసురు.

నువ్వు రాసింది తీసేసి మళ్ళీ నా చేత్తో రాశాను. ఇప్పుడు అంకెలు తప్ప ఒప్పుకోవడం లేదు, కొట్టి చూడు.

పేజీ అడుగున దాని పేరు పక్కన నా పేరు పెడదామన్నావు. పని నాకు పూర్తిగా వచ్చాక నేనే పెడతాను.

ఇట్లు,
దాని అమ్మ