సైన్స్ ఫెయిర్‌కు డప్పు

నవంబరు 11, మంగళవారం
హెచ్.ఎం. సారు మళ్లీ థర్మకోల్ రాకెట్ అన్నారు. జిల్లా సైన్స్ ఫెయిర్‌కు మా బడి నుంచి ఏటా అదే పోతుంది, రంగు మాత్రం మారుతుంది. ఈసారి ధ్వని పాఠానికి డప్పు తీసుకెళ్తానన్నాను. "మీరు సైన్స్ టీచరా, డ్రాయింగ్ టీచరా?" రెండూ అనుకోండి సార్ అన్నాను. డ్రాయింగ్ పోస్టు ఎట్లాగూ ఖాళీయే, ఎవరి కుర్చీ లాక్కోలేదు.

నవంబరు 13
తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్న డప్పును కావ్య తెచ్చింది, పాత చీరముక్కలో చుట్టి. మంచు తేమకు తోలు మెత్తబడింది, మోత లేదు. వంట అక్క పొయ్యిలోంచి నిప్పులిచ్చింది. కావ్య డప్పును నిప్పుల ముందు తిప్పుతూ కాచింది. వేలితో తట్టి, విని... "ఇంకా జర కాగాలె మేడం." స్వరం కొలిచే నా ఫోను యాప్ వైపు చూడదు. "గిప్పుడు పెరిగింది" అంటుంది. ప్రతిసారీ యాప్‌లో గీత ఆమె మాటే వింది.
తేమ పోతే తోలు బిగుస్తుంది, బిగుస్తే స్వరం పెరుగుతుంది — పుస్తకంలో రెండే పంక్తులు. తర్వాత దరువు వేసింది. వెనక బెంచీ మొత్తం లేచి అడుగు వేసింది. పక్క గదిలో లెక్కల సారు తలుపు మూసుకున్నారు. మూసుకోనీ.

నవంబరు 14
బాలల దినోత్సవం. సృజనాత్మకత మీద హెచ్.ఎం. సారు అరగంట ఉపన్యాసం. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

నవంబరు 15
స్టాఫ్ రూములో లెక్కల సారు — "కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందట." మేసేదెవరో ఆయనే ఒప్పుకున్నారు.

నవంబరు 17, సోమవారం
తప్పు చేశాను. డప్పును ల్యాబ్ స్టాండుకు బిగించాను. నిప్పులకూ తోలుకూ మధ్య దూరం మారకూడదు కదా, ప్రయోగమంటే అంతే కదా. "నిలబెట్టొద్దు మేడం, తిప్పుకుంట ఉండాలె." కొలత పాడవుతుంది, నువ్వాగు అన్నాను. ఆగింది. తోలు టప్పున పగిలింది.
కావ్య ఏడవలేదు. పగిలిన డప్పును చీరముక్కలో చుట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఎమ్మెస్సీ చదివాను, పదమూడేళ్ల పిల్ల చెప్తే వినలేదు.

నవంబరు 18
ఇబ్రహీంపట్నం బస్టాండు నుంచి ఆటోలో కావ్య వాళ్లింటికి. క్షమించమని వాళ్ల నాన్న యాదయ్యను అడిగాను. "తోలుదేముంది మేడం, కొత్తది ఎక్కిస్త." ఊపిరి పీల్చుకునేలోపే — "గని నా బిడ్డ డప్పు పట్టుకొని పోదు. సావులకు మా బాపు కొట్టిండు, నేను కొట్టిన. ఆమె మీ తాన సదువుకోనికె వస్తుంది."
"బాపూ, గిది గూడ సదువే" అంది కావ్య. ఆయన తల తిప్పుకున్నాడు. ఫెయిర్‌కు పంపడానికి తండ్రి సంతకం కావలసిన ఫారం అక్కడే పెట్టి వచ్చాను.
హెచ్.ఎం. సారుకైతే జవాబులు నా నాలుక మీదే ఉంటాయి. యాదయ్యతో వాదించాలంటే ఆయన మాటలో అబద్ధమేమైనా ఉంటే కదా...

నవంబరు 20
రాకెట్ వచ్చేసింది. దరఖాస్తులో డప్పు కొట్టేసి రాకెట్ పేరు రాయమన్నారు హెచ్.ఎం. సారు. మార్చను. మెమో ఇస్తామన్నారు — ఇవ్వండి సార్, సంతకం పెట్టి తీసుకుంటాను. డప్పును కొట్టేయాలంటే మీరే కొట్టేయండి, నా పెన్ను ఇవ్వను.

నవంబరు 22, శనివారం
కావ్య డప్పు తెచ్చింది. కొత్త తోలు, ఇంకా వాసన వస్తోంది. సంబరపడ్డాను. ఫారం మీద మాత్రం సంతకం లేదు. సోమవారం ఆఖరు.
"బాపు ఒక్క మాట అడిగి రమ్మన్నడు మేడం. గాడ ఫెయిర్ల నన్ను పేరు వెట్టి పిలుస్తరా, కులం వెట్టి పిలుస్తరా?"
పిల్ల మామూలుగానే అడిగింది, బస్సు ఎన్నింటికి అన్నట్టు. నేనే గోడ వైపు తిరిగాను.
ఎవరైనా అంటే ఊరుకోను — అనుకున్నాను. కానీ అది అన్న తర్వాతి సంగతి. ఆయన అడిగింది అంతకు ముందుది.
తెలియదు యాదయ్యన్నా అని నిజం చెప్పాలి. చెప్పి, అయినా పంపమని అడగాలి. ఈ రెండూ ఒకే నోటితో ఎట్లా...
రేపు ఆదివారం. ఆయన ఇంట్లోనే ఉంటాడు. పోతున్నాను.