మామ పలక

ఆళ్ళగడ్డ తాలూకా,
మాఘమాసం, 1956

నంద్యాలలో ఉండే జయరాజు అయ్యవారికి చావిడి పక్కింటి ముసలోడు దండాలు పెట్టి రాస్తాండేది.

"పెద్దోళ్లు రావడం మానుకున్నారు, నెలాఖరుకు చావిట్లో రాత్రిబడి ఎత్తేస్తాం" అని మీరు కబురు పంపినారు. వాళ్లు చదువు మీద మనసు లేక మానుకోలేదు అయ్యవారూ. మీ ఎదురుగా చెప్పడానికి నాకు నోరు రాలేదు, అందుకే రాస్తాండా.

ఆ పొద్దు మద్దిలేటి పలక మీద తన పేరు తప్పు రాసినాడు. మీరు ఓబులేసును పిలిచి "నువ్వు దిద్దప్పా" అన్నారు. ఓబులేసు ఆయన అల్లుడు. మామ రాసింది అల్లుడు నలుగురిలో చెరిపేది మా దిక్కు లేదు. మీకు తెలీక చెప్పినారు. వాడు తల వంచుకొని చెరిపినాడు. "అల్లుడే అయ్యవారైనాడు రా" అని వెనకెవరో నవ్వినారు. మర్నాటి నుంచి ఇద్దరూ రాలేదు. రేపు మన గతీ ఇంతే అని మిగతావాళ్లూ ఆగిపోయినారు.

నేను పోయి అడిగితే మద్దిలేటి, "నేనుంటే వానికి ఇబ్బంది. చిన్నోడు, వాణ్ణి నేర్చుకోనీ" అన్నాడు. ఓబులేసేమో, "మామను పిలుచుకోపో తాతా, నేను రాను" అన్నాడు.

మీరు మళ్ళీ రండి. ఇద్దరినీ చెరో గోడ దిక్కు కూచోబెట్టండి. ఎవరి తప్పు వాళ్ల చెవిలోనే చెప్పండి. అంతకన్నా నాకు తెలీదు.

లాంతరుకు చమురు లేదని దిగులుపడొద్దు. మొన్న మద్దిలేటి సీసాడు కిరసనాయిలు తెచ్చి, అల్లునికి చెప్పొద్దని ఇచ్చిపోయినాడు. నిన్న ఓబులేసూ ఒక సీసా తెచ్చినాడు, మామకు చెప్పొద్దని. రెండూ మా గూట్లో పక్కపక్కనే పెట్టినా.

ఇట్లు,
మీ కోసం చూస్తాండే ముసలోడు