మెడ మీది కొవ్వు

జనవరి 4
మొదటి షిఫ్టు. గనిలోకి దిగేముందు లాంపు బెల్టు పెట్టుకోబోతే చివరి రంధ్రం కూడా అందలేదు. రాజయ్య బావ చూడనే చూశాడు. "బావా, ఎన్నో నెల? శ్రీమంతం ఎప్పుడు జేస్తున్నరు?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
తినేది పెరగలేదు. చేతులు, కాళ్లు సన్నబడుతున్నాయి. పొట్ట, ముఖం, మెడ వెనక... అక్కడే పెరుగుతోంది.

జనవరి 5
చలి. ఇదివరకు ఇంత తెలిసేది కాదు.

జనవరి 9
దవాఖాన. కొత్త డాక్టరమ్మ. మా కొడుకు ప్రభు కన్నా చిన్నదే ఉంటుంది. చొక్కా విప్పించి మెడ వెనక కొవ్వును వేళ్లతో పట్టి చూసింది. మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నావని అడిగింది. అంగట్లో కొనే పొడి అన్నాను. అందులో స్టెరాయిడ్ కలుపుతారట.
భయపడ్డప్పుడు ఒంట్లో ఊరే రసం ఒకటి ఉందట. ఈ పొడి రోజూ అదే పని చేస్తోంది. పొట్టలో కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదట. చల్లారిన ఆ రసాన్ని అది మళ్లీ రాజేస్తుంది. రసం ఎక్కువైతే కొవ్వు, కొవ్వు ఎక్కువైతే రసం. ఒళ్లు ఎప్పుడూ ప్రమాదంలో ఉన్నట్టే. గని కప్పు కూలేముందు కింద ఆసరాగా పెట్టిన కర్ర దిమ్మె చేసే చప్పుడు గుర్తొచ్చింది. ఆ చప్పుడు పొద్దంతా వింటే ఎట్లుంటుందో, అట్ల.
చలి సంగతి అడిగాను. వేడి పుట్టించే కొవ్వు వేరే ఉంటుందట, పసిపిల్లల వీపున ఎక్కువ. "నీది ఈ మందుకు పండుకున్నది. మెడ మీదిది అది కాదు పెద్దాయనా." షుగరు, బీపీ ఉన్నాయి. ఎముకలు గుల్లబారాయి. పొడి ఒక్కసారే మానొద్దంది. రిపోర్టులు వచ్చాక మాత్ర రాస్తుందట.

జనవరి 10
ఇదంతా పొడి వల్లనే అని నా భార్య సుగుణకు చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఎక్కువ మాట్లాడడం చేతకాదు. ఆమె పొట్లాలన్నీ మోరీలో పోసింది. "మోకాళ్లు పోతే పోనీ. మనిషివి ఉండాలె."

జనవరి 13
లేవలేకపోతున్నాను. వాంతులు. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు. ప్రభు ఆటో పిలుచుకొచ్చాడు...

జనవరి 17
ఇల్లు. దవాఖానలో డాక్టరమ్మ సుగుణ మీద కోపం చేసింది. "ఒక్కసారే ఆపొద్దని చెప్పిన గదా!" సుగుణ నా వైపు చూసింది. మాత్రల చీటీ తానే తీసుకుంది.
బయటి నుంచి వచ్చేదానికి అలవాటు పడి ఒళ్లు తన రసం తాను చేసుకోవడం మరిచిందట. ఇప్పుడు మాత్ర వేసుకుంటూ కొంచెం కొంచెం దించాలి. "ఎండాకాలం దాటేసరికి ముఖం దిగుతది, షుగరు దిగుతది. మళ్ల డ్యూటీ చేస్తవు." ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది.

జనవరి 20
రాజయ్య బావ వచ్చాడు. "పిచ్చోడా, జల్ది కంపెనీ మెడికల్ బోర్డుకు పెట్టుకో. నీ ముఖం జూస్తెనే అన్‌ఫిట్ అంటరు. నీ నౌకరి ప్రభుకొస్తది. మంచిగైనంక పోతే ఎవడిస్తడు?"
ప్రభు గడపలో బూట్లు విప్పుతున్నాడు. కాంట్రాక్టరు దగ్గర కాపలా పని. ఏ నెల ఉంటుందో ఏ నెల ఊడుతుందో. బూటు విప్పడానికి చాలాసేపు పట్టింది.

జనవరి 21
"బోర్డు ఎప్పుడు పెడ్తరు బాపూ?" ప్రభు అంతే అడిగాడు.

జనవరి 28
దరఖాస్తు ఇచ్చాను. పిలుపు మార్చిలో అంటున్నారు.

ఫిబ్రవరి 10
నేటి నుంచి సగం మాత్ర. సుగుణ బ్లేడుతో కోసింది. మిగతా సగం కాగితంలో చుట్టి తన దగ్గరే పెట్టుకుంది.

ఫిబ్రవరి 18
ప్యాంటు బెల్టు ఒక రంధ్రం లోపలికి వచ్చింది. సుగుణ వేలు పెట్టి చూసి "దేవునికి స్తోత్రం" అంది. ప్రభు అన్నం తింటున్నాడు. "మంచిగైతున్నవు బాపూ" అన్నాడు. నిజంగానే అన్నాడు. కంచంలో సగం ఉండగానే లేచాడు.

ఫిబ్రవరి 22
అంగడి. పొడి అమ్మేవాడు గుర్తుపట్టాడు. "ఏంది పెద్దన్నా, కనబడ్తలేవు? మోకాళ్లు మంచిగైనయా, నన్ను మర్చిపోయినవా?"
కొన్నాను. ఈ ముఖం బోర్డు దాకా ఉంటే చాలు...

ఫిబ్రవరి 23
పొద్దున. ప్రభు బిడ్డ జెస్సీ నా పక్కన పడుకుంది. నేను రగ్గులో. అది దుప్పటి తన్నేసి ఉంది. వీపు మీద చెయ్యి పెట్టాను. ఎండలో పెట్టిన ఇటుకలా ఉంది. చెయ్యి కాగేదాకా తీయలేదు.
సుగుణ సగం మాత్ర స్టూలు మీద పెట్టి ప్రార్థనకు పోయింది. జేబులోంచి పొట్లం తీసి దాని పక్కన పెట్టాను. ఏది తీసుకుందామనో... ఊరికే చూస్తున్నాను.
ప్రభు డ్యూటీకి తయారై వచ్చాడు. పొట్లాన్ని చూశాడు. మాత్రను చూశాడు. "అమ్మకు చెప్పకురా" అన్నాను. గ్లాసులో నీళ్లు అడుగున ఉన్నాయి. కుండ దగ్గరికి పోయి నిండా ముంచుకొచ్చి నా ముందు పెట్టాడు. టోపీ పెట్టుకుని పోయాడు.